బండి వెనక రాయవలసిన పేరు

మా గురువుగారు కేదారయ్యగారిని ఏదైనా ప్రశ్న అడిగితే ముందు చెప్పులు వెతుక్కుంటారు, జవాబు ఎప్పుడూ ఎక్కడో బయట ఉంటుందన్నట్టు. అందుకే ఎండాకాలంలో ఆయన్ని ఏమైనా అడగాలంటే మాకు హడలు. నా తోటి శిష్యుడు భుజంగరావుకు మాత్రం ఆ భయం లేదు, మహానుభావుడు.

మా ఆశ్రమంలో రోజూ అన్నం వండి ఆసుపత్రిలో రోగులకు పంపిస్తాం. అన్నం గిన్నెలు మోసే పెట్రోలు వ్యాను వంటింటి గుమ్మం ముందే ఆగుతుంది. దాని పొగకు, వంట చేసే మాణిక్యాంబగారికి ఆయాసం ముదిరిపోయింది. ఈ పొగ ఇలాగే పీలిస్తే మనిషి దక్కదని డాక్టరు ఖరాకండిగా చెప్పేశాడు. ఇంతలో ఒక దాత కొత్త బండి ఇస్తానని ముందుకొచ్చాడు. పెట్రోలుదో, కరెంటుదో మీరే తేల్చుకోండని, చూసుకోవడానికి ఒక కరెంటు బండిని పంపించాడు కూడా.

భుజంగరావు తడిపిన తెల్లగుడ్డ ఒకటి పాత వ్యాను పొగగొట్టానికి అడ్డం పెట్టాడు. చూస్తుండగానే మసి పట్టింది. కరెంటు బండికి గొట్టమే లేదాయె! ఇంకో గుడ్డ పట్టుకుని దాని వెనకంతా తిరిగాడు. పెట్టిన గుడ్డ పెట్టినట్టే తెల్లగా ఉంది. ఇక ఆగుతాడా! ఆటోల వెనక ‘అమ్మ దీవెన’ అని రాయించుకుంటారు చూడండి, అలా దీని వెనక ‘పొగలేని బండి’ అని రాద్దామని రంగు డబ్బా కూడా తెచ్చేసి, గురువుగారి ముందు నిలబడ్డాడు.

“ఇది ఏ పాపమూ అంటని బండే కదండీ?”

గురువుగారు చెప్పులు వెతుక్కున్నారు.

ఆ బండిలోనే ముగ్గురం బయలుదేరాం. “ఆ తీగల వెంటే పోనీ,” అన్నారాయన. పొలాల మీదుగా ఇనుప స్తంభాలు, వాటి మీద తీగలు, కింద చప్పుడు లేకుండా మేము. పోగా పోగా బొగ్గుతో కరెంటు తీసే చోటికి చేరాం. అబ్బ, నా జన్మలో అంత పొగగొట్టం చూడలేదు! తలెత్తి చూస్తుంటే భుజం మీది కండువా జారిపోయింది, తీసుకోవాలన్న ధ్యాసే లేదు నాకు. అంత ఎత్తున పొగ, తొందరేమీ లేనట్టు, ఆకాశంలో కలుస్తోంది. మా ఆశ్రమంలో వెలిగే దీపం ఇక్కణ్నుంచా వస్తోంది అనుకుంటే ఒళ్లు జలదరించింది. భుజంగరావు తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

ఆ గొట్టం నీడలో ఒక చిన్న ఇల్లు. ఒకావిడ పాత చీర మీద గుమ్మడి వడియాలు ఎండబెట్టి, పైన ఇంకో చీర కప్పింది. మమ్మల్ని కూర్చోమని పై చీర తీసి దులిపితే బూడిద రాలింది. లోపలికెళ్లి నాలుగు వడియాలు వేయించి తెచ్చింది. పంటి కింద ఇసుకలా తగిలింది.

“ఎంత కప్పినా పడుద్దయ్యా,” అని నవ్వి, భుజంగరావు వైపు తిరిగింది. “మీ ఊళ్లో కరెంటు పోకుండా వత్తందా బాబూ?”

ఆ మాటలో దెప్పు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. వస్తోందమ్మా అని భుజంగరావు తల దించుకుని, చేతిలో మిగిలిన వడియం నోట్లో వేసుకున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి.

తిరుగుదారిలో భుజంగరావు అన్నాడు, “పోనీ, పెట్రోలు బండే తీసుకుందామా?”

“మాణిక్యాంబ ఊపిరి మీదికి మళ్లీ పొగ తెస్తావా?” అన్నారు గురువుగారు. “పైగా ఆ పెట్రోలు ఎవరెవరి వాకిళ్ల మీదుగా వచ్చిందో, ఆ దారి మనం పోనే లేదు. మన గుమ్మంలో పొగా, ఆ దారిలో పొగా కలిపితే పెట్రోలు మసే ఎక్కువ.”

ఆశ్రమానికి చేరాక భుజంగరావు రంగు డబ్బా మూత తీశాడు. కుంచె ముంచాడు. ఏం రాయాలో తోచక బండి వెనక అలాగే నిలబడిపోయాడు, రంగు చుక్కలు పాదాల మీద పడుతున్నా కదల్లేదు.

“ఇందాక వడియాలు పెట్టినావిడ పేరేమిటి?” అని అడిగారు గురువుగారు.

“అడగలేదండీ.”

“ఈ బండి మీదే వెళ్లి అడిగి రా. వచ్చాక ఆ పేరు రాద్దువుగాని.”