పరాసు దంతపు పలక

గోదావరి సముద్రంలో కలిసే చోట ఒకానొక చిన్న రాజ్యం. దాన్నేలే అప్పలభూపతి మహారాజుకి రెండే నమ్మకాలు. ఓడ దిగిన వస్తువే వస్తువు, తన ముక్కులాంటి ముక్కు భూమ్మీద ఇంకోటి లేదు. రెండోది నిజమే. చిలకముక్కులా వంగి, కొసన చిన్న నొక్కుతో ఉండేది ఆ ముక్కు.

కోటలో దంతపు పని నాలుగు తరాలుగా మావుళ్ళాచారి ఇంటిది. రాజుగారి సింహాసనం చేతులు చెక్కింది ఆయనే. పట్టాభిషేకం నాడు వాటి మీద చేతులాన్చుకునే, "ఎవరీ దువ్వెనల మనిషి?" అన్నాడు రాజు, దంతపు పనంటే దువ్వెనలు కొయ్యడమే అన్నట్టు. పదకొండేళ్ళయినా ఆ మాట ఆచారి గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఒకనాడు పరాసు దేశపు, అంటే ఫ్రెంచి, వర్తకుడొకడు ఓడ దిగి, అరచేయంత పాత దంతపు పలక కానుకిచ్చాడు. దానిమీద రెక్కలున్న కుర్రవాడు పడుకుని ఉన్నాడు. వాళ్ళ మన్మథుడట. ఓ పిల్ల దీపం పట్టుకుని వంగి చూస్తోంది. మొగుడి మొహం చూడకూడదని ఆంక్షట, ఉండబట్టలేక దీపం వెలిగించిందట.

రాజు మురిసిపోయాడు. రాణిగారి పట్టెమంచం పని, ఆ తరవాత కోట పనంతా పరాసు వాళ్ళకే ఇస్తానన్నాడు. "ఇలా చెక్కే చెయ్యి మన దేశంలో లేదు. ఏమంటావు, దువ్వెనల మనిషీ?"

"ఆ పలక నలభై రోజులు నా దగ్గరుంచండి ప్రభూ. జత చెక్కి తెస్తాను. రెంటిలో పరాసుది ఏదో తమరు చెబితే నా ఉలులన్నీ గోదాట్లో పారేస్తాను."

"చెప్పలేకపోతే?"

"అప్పుడు అడుగుతాను."

ఆచారి చెక్కాడు, ఆకురాయి పట్టాడు, తుమ్మచెక్క కషాయంలో ముంచి పాతరంగు తెచ్చాడు. గడువు నాటికి రెండు పలకలూ నిండుసభలో పెట్టాడు.

రాజు మొదటిదాన్ని ఇలా చూసి అలా పక్కన పడేశాడు. రెండోది మాత్రం చేతిలోంచి దించలేకపోయాడు. "పరాసుది ఇదే. ఆ కుర్రాడి ముక్కు చూశారా, ఏం దర్జా! ఇంత అందం మనవాళ్ళ చేతికి దొరుకుతుందా?"

సభలో తలలన్నీ దిగిపోయాయి. మంత్రికి దగ్గు తెర వచ్చింది. వెదురు తెర వెనక రాణిగారు మాత్రం పకపకా నవ్వి, దాసీ చేత తన అద్దం పంపించింది.

రాజు అద్దం చూశాడు, పలక చూశాడు, మళ్ళీ అద్దం చూశాడు. అదే వంపు, కొసన అదే నొక్కు. ఐనా బింకం వదల్లేదు. "ముక్కులు కలవడం వింతా? ఇది నీ చేతి పనేననడానికి వేరే రుజువుందా?"

"ఆ పిల్ల అరికాలు చూడండి ప్రభూ. కొత్త పెళ్ళికూతురు కదా, దిష్టిచుక్క పెట్టకుండా ఎలా పంపుతాను? పరాసువాడికి ఆ సంగతేం తెలుసు?"

రాజు చూశాడు. ఆవగింజంత చుక్క, నల్లగా ఉంది.

"గుడ్డిదీపంలో ఆ పిల్ల మొగుణ్ణి పోల్చుకుంది. తమరు పట్టపగలు తమ ముక్కునే పోల్చుకోలేదు. నా ఉలిది తప్పంటారా?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కోట పని నీదేనన్నాడు, తన చేతి కంకణం తీసి తొడిగాడు. "ఇంకేం కావాలో అడుగు."

"నా పేరు మావుళ్ళాచారి. ఇదే సభలో తమరు పిలవాలి."

"మావుళ్ళాచారీ," అన్నాడు రాజు.

ఆచారి పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు.

"మావుళ్ళాచారిగారూ."

"చిత్తం ప్రభూ," అన్నాడాయన.