కాదనేవాడు

ఆ ఊరివాళ్ళు 'కాదు' అనడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. ఎవరైనా కొత్త సంగతి కనిపెట్టి వచ్చి చెబితే, ఆయన అందరి ముందూ లేచి కాదనాలి. అనేసి కూర్చుంటే కుదరదు. చెప్పినవాడు దాన్ని ఎలా తెలుసుకున్నాడో అడిగి, అదంతా తన చేతులతో మళ్ళీ చేసి చూడాలి. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వెతకాలి. ఎంత వెతికినా దొరక్కపోతే అప్పుడు ఆ మాట పేరున కొండవాలులో ఒక రాయి పాతేవారు.

రాయి పడిన మాట మీదే ఊరు నడిచేది. ఏ నేలలో ఏ గింజ మొలుస్తుందో, ఏ ఆకు రసంతో జ్వరం దిగుతుందో ఆ రాళ్ళే చెప్పేవి. పడిన రాయినైనా మళ్ళీ కాదనవచ్చు. మాట ఓడిపోతే రాయి పెకలించి పక్కన పడేసేవారు. దానికి ఎవరూ చిన్నబుచ్చుకునేవారు కాదు.

మొదట్లో ఈ పని అందరిదీ. కానీ కాదనడం సుఖమైన పనేమీ కాదు. వియ్యంకుణ్ణి కాదంటే ఆ ఇంటి నుంచి పిలుపులు ఆగిపోతాయి. అన్నని కాదంటే వదిన మూతి ముడుచుకుంటుంది. ఈ తలనొప్పులన్నీ ఎందుకని ఊరంతా కూడబలుక్కుని పనిని ఒక్కడికి అప్పజెప్పారు. ఆయనకి ఎత్తుపీట వేశారు, ఏటా ధాన్యం పంపారు, ఎదురుపడితే చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. తాము మాత్రం హాయిగా చేతులు దులుపుకున్నారు.

ఇప్పుడున్న కాదనేవాడు ముసలివాడు. పీట మీద కూర్చునే జుట్టు నెరిసింది. భార్య పోయింది. ఉన్నది ఒక్క కూతురు. ఆమెని ఆ ఊళ్ళోనే ఇచ్చాడు. ఆమె కాపురం కొండ చెరువు కట్టకి దిగువన, పల్లంలో. నేల మంచిదని సగం ఊరు అక్కడే ఇళ్ళు కట్టుకుంది. కట్ట అడుగున ఎప్పుడూ సన్నగా నీళ్ళు ఊరుతూ ఉండేవి. 'కట్ట కింద ఊట కట్టకి మేలు' అని తాతల కాలంలోనే రాయి పడింది. పల్లంలో వాళ్ళు ఆ ఊట నీళ్ళే తాగేవారు.

ఒకరోజు కూతురు ఇచ్చిన చెంబెడు నీళ్ళు తాగి, ఆయన చెంబు అడుగుకేసి చూశాడు. సన్నటి ఎర్రమన్ను పేరుకుని ఉంది.

"ఇదెప్పటి నుంచమ్మా?"

"వానలకి నాన్నా. కాసేపు తేరుకోనిస్తే బాగానే ఉంటాయి."

వానలు వెలిశాయి. ఎండలు కాశాయి. ఊటలో మన్ను మాత్రం పోలేదు. పక్కన కొండవాగు నీళ్ళు పట్టి చూశాడు, అవి తేటగా ఉన్నాయి. చెరువు లోపలి అంచున నీలిమందు కలిపి వదిలాడు. పొద్దు వాలకముందే కూతురి పెరటి పక్క ఊట నీలంగా వచ్చింది. చెరువు నీళ్ళు కట్టలోంచి దారి చేసుకుని, వస్తూ వస్తూ కట్ట మన్నుని వెంటబెట్టుకొస్తున్నాయి. పైకి పచ్చగా గడ్డి మొలిచి ఉన్న ఆ కట్ట లోపల గుల్లవుతోంది.

ఆయన ఆ పరీక్ష మళ్ళీ చేశాడు, ఇంకోచోట చేశాడు. జీవితమంతా ఎదుటివాళ్ళ మాటలో తప్పులు పట్టినవాడు తన మాటలో ఒక్క తప్పు దొరకాలని తహతహలాడిపోయాడు. తప్పు దొరికితే కూతురు బతుకుతుంది. దొరకలేదు. అయినా తనకి దొరకనిది ఇంకొకరికి దొరకవచ్చునని ఆశ. ఆ ఆశ మీదే సభ పెట్టించాడు.

సభలో పీట దిగి, మాట చెప్పేవాళ్ళు నిలబడే చోట నిలబడ్డాడు. చూసిందంతా చెప్పాడు. తూము ఎత్తి చెరువు ఖాళీ చేయాలన్నాడు. తూము తలుపు ఎత్తాలంటే ఊరి మగవాళ్ళంతా మోకు పట్టాలి. చెరువు ఖాళీ అయితే ఆ ఏడు పైరు పోతుంది. అంత పని రాయి పడని మాట మీద చేయకూడదని ఊరి కట్టుబాటు.

"ఎవరైనా కాదనండి," అన్నాడు.

ఎవరూ లేవలేదు.

ఊరిపెద్ద చేతులు కట్టుకుని, "తమరు చెప్పాక ఇంక అనుమానమేముందయ్యా. తమరి మాట మాకు శిరోధార్యం," అన్నాడు. జనమంతా అవునవునన్నారు. కళ్ళలో భక్తి తొణికిసలాడింది.

"అయితే తూము ఎత్తండి."

"రాయి పడాలి కదయ్యా."

"రాయి పడాలంటే ఒకరు కాదని, వచ్చి చూడాలి."

"తమర్ని కాదనడమా," అని ఊరిపెద్ద లెంపలేసుకున్నాడు. "ఈ ఊళ్ళో ఆ నోరు ఎవరికుందయ్యా?"

ముసలాయనకి ఒళ్ళు మండింది. ఇంటింటికీ వెళ్ళాడు. తలుపు తట్టి, నన్ను ఒక్కసారి కాదనండి బాబూ అని బతిమాలాడు. వాళ్ళు కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు, తలలూపారు. అవునన్నవాడు చెప్పులు తొడుక్కుని కట్ట దాకా నడవనక్కర్లేదు. కాదన్నవాడే నడవాలి. ఊరికి ఆ నడక ఎప్పుడో మరుపొచ్చింది.

చివరికి ఊరిపెద్ద కాళ్ళు పట్టుకోబోయాడు. ఊరిపెద్ద కంగారుపడి వెనక్కి జరిగాడు.

"అంత మాటెందుకయ్యా. తమరికి అంత ముచ్చటగా ఉంటే అంటాను. కాదు." తలవంచుకుని, మెల్లగా అడిగాడు, "బాగా అన్నానా?"

ముసలాయనకి ప్రాణం లేచొచ్చింది. "రండి, వెళ్ళి చూద్దాం," అని చెయ్యి పట్టుకున్నాడు.

"చూసేదేముందయ్యా? తమరు అడిగారని అన్నాను."

ఇక మిగిలింది కూతురు. ఆయన వెళ్ళేసరికి ఆమె పెరట్లో గిన్నెలు తోముకుంటోంది. తండ్రి మొహం చూసి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"తల్లీ, నా మాట తప్పని చెప్పు. ఒక్కసారి చెప్పి, నాతో వచ్చి నీ చేత్తో ఆ నీలిమందు కలుపు."

"ఎందుకు నాన్నా? నువ్వు చెబితే అది నిజమే."

"నిజమో కాదో చూడమంటున్నాను."

"నిన్ను అనుమానించమంటావా? పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా నీ మాటకి ఎదురు చెప్పానా?"

"లేదు. తప్పు నాదే. నీకు నేర్పలేదు," అన్నాడు. "పోనీ, నమ్మావు కదా. ఇల్లు వదిలి పైకి రా."

"వస్తాం నాన్నా. అత్తయ్యతో చెబుతాను. కోతలు కానీ. అందరూ కదిలితే మేమూ కదులుతాం." ఆయన భుజం మీద చెయ్యి వేసి నిమిరింది. "నమ్మడం లేదనుకోకు. నీ మీద ఒట్టు, నమ్ముతున్నాను."

ఆ నమ్మకం ఆయనని కాల్చేసింది. నమ్మకం ఇంత పనికిమాలిందని ఆయనకి అంతకుముందు తెలియదు. నమ్మకపోయి ఉంటే పోట్లాడేది, పోట్లాడితే చూసేది, చూస్తే కట్టుబట్టలతో పైకి పరుగెత్తేది.

మళ్ళీ వానలు పట్టుకున్నాయి. ఆయన తడుస్తూ వెళ్ళి తూము మోకు ఒక్కడే పట్టుకుని లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. తలుపు కదల్లేదు. అటుగా పోతున్నవాళ్ళు గొడుగులు దించి దణ్ణం పెట్టారు. ఈ వయసులో ఆయనకెంత శ్రద్ధో అని మెచ్చుకున్నారు.

కట్ట పట్టపగలే తెగింది. చూస్తుండగానే నడుం దగ్గర కుంగి, విరిగిపోయింది. పల్లంలో ఇల్లన్నది మిగల్లేదు. నీళ్ళు తీశాక ఆయన కూతుర్ని బురదలోంచి తనే తీసి, తనే కడిగి, తనే మట్టిచేశాడు.

ఆ సాయంత్రం మిగిలిన ఊరంతా కొండవాలుకి వచ్చింది. అందరూ ఎవరో ఒకరిని పోగొట్టుకున్నవాళ్ళే. వాళ్ళది దొంగ ఏడుపు కాదు. మోయగలిగినంత పెద్ద రాయి మోసుకొచ్చి, ఆయన మాట పేరున అన్ని రాళ్ళకీ ఎగువన పాతారు. ఎవరూ కాదనకుండా పడిన మొదటి రాయి అదే. పువ్వులు పెట్టారు. ఆయన్ని రెక్కలు పట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టారు.

ఊరిపెద్దకి కొడుకు పోయాడు. కళ్ళు తుడుచుకుంటూనే ఆయన ముందు సాష్టాంగపడ్డాడు. "మాకు బుద్ధొచ్చిందయ్యా. ఇకమీదట తమరి మాటకి పరీక్ష లేదు, సభ లేదు. తమరు నోటంట అంటే చాలు, రాయి పాతేస్తాం."

ముసలాయన ఆ మొహాలన్నీ చూశాడు. ఒక్కొక్కరినే చూశాడు, ఒక్క తలైనా అడ్డంగా ఊగుతుందేమోనని. తర్వాత పీట పట్టుకుని కష్టం మీద లేచి నిలబడ్డాడు. ఒంట్లో మిగిలిన ఊపిరంతా కూడదీసుకుని, "కాదు," అన్నాడు.

"అవునయ్యా," అన్నాడు ఊరిపెద్ద. "తమరు కాదంటే కాదే."

జనమంతా తలలూపారు. అప్పటికే ఇద్దరు ముగ్గురు రాయి కోసం కిందికి దిగుతున్నారు.