వరాలుకి ఒత్తు

కోటిలింగం సన్నాయి నోట పెట్టుకున్నాడంటే చాలు, కూతురు వరాలు రాగం తీసేది. నాలుగేళ్ళ పిల్ల. ఏమిటే అంటే అప్పడం విరిగిపోయిందనేది. ఇంకోటి ఇస్తే అది వద్దు, విరిగిందే అతికించాలనేది. బ్రహ్మదేవుడు దిగొచ్చినా విరిగిన అప్పడం అతికించగలడా, మీరే చెప్పండి!

ఆ ఏడుపు వినపడకుండా కోటిలింగం ఇంకా గట్టిగా ఊదేవాడు. పిల్ల అంతకంటే గట్టిగా ఏడ్చేది. అతని భార్య సీతారత్నం చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసుకునేది.

స్వామి కల్యాణం పదిరోజుల్లో ఉంది. మొదటిసారి గురువు ఏలేశం గారి పక్క వాద్యంగా కాకుండా, తనే ముందు కూర్చుని వాయించాలి. ఒక్క కీర్తనైనా కుదురుగా సాధన చేసిన పాపాన పోలేదు. లాభం లేదని, పిల్లను అత్తగారి ఊళ్ళో వదిలేసి రావాలని నిశ్చయించుకున్నాడు.

"ఎన్నాళ్ళకు తెస్తారు?" అంది సీతారత్నం, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"బుద్ధొచ్చాక," అన్నాడు. ఎవరికి రావాలో చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఒక చేత్తో బట్టల సంచి, ఇంకో చేత్తో పిల్లను పట్టుకుని బయల్దేరాడు. బస్సెక్కేముందు గురువుగారికి ఓ మాట చెప్పి పోదామనుకున్నాడు. దారి పొడుగునా "ఎత్తుకో!" ఎత్తుకుంటే "దించు!"

ఏలేశం గారు అరుగు మీద కూర్చుని వాద్యాలు తుడుచుకుంటున్నారు. చూడగానే కోటిలింగం ఏకరువు పెట్టాడు. "ఇది పిల్లా పిశాచమా, గురువుగారూ? నేను సన్నాయి పట్టాలా, దీని వెంట పరిగెత్తాలా?"

ఇంతలో వరాలు చెప్పు ఊడింది. తొడగబోతే తనే వేసుకుంటానంది. వేసుకోవడం రాలేదు. ఇంకేముంది, నేలమీద పడి దొర్లడం మొదలుపెట్టింది.

"నోరు మూస్తావా లేదా!" అంటూ కోటిలింగం చెయ్యెత్తాడు.

గురువుగారు లేచొచ్చి ఆ ఎత్తిన చేతిలో ఒత్తు పెట్టారు.

ఒత్తు చూడ్డానికి సన్నాయిలాగే ఉంటుంది కానీ, దాన్లో పాటా ఉండదు, పలుకూ ఉండదు. సన్నాయి వాయించేవాడి పక్కన కూర్చుని, ఒకే స్వరం తెగకుండా ఊదుతూ ఉండాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళ చేత చేయించే పని అది.

"ఊదు," అన్నారు.

"ఎవరికండీ?"

ఆయన గడ్డంతో వరాలును చూపించారు.

కోటిలింగానికి తల కొట్టేసినట్టయింది. కల్యాణంలో వాయించాల్సినవాడు చెప్పు కోసం ఏడ్చే పిల్లకి ఒత్తు పట్టాలా! గురువు మాట కాదనలేక బుగ్గలు పూరించాడు.

పిల్ల పై స్థాయి అందుకుంది. అతనూ గట్టిగా ఊదబోయాడు. గురువుగారు కళ్ళెర్రజేశారు. తగ్గాడు. పిల్ల సణుగుడులోకి దిగింది. హమ్మయ్యా అని ఆపబోయాడు. ఆయన వేలు ఊపారు. ఊదాడు. వీధి చివర బస్సు హారన్ కొట్టింది. ఎదురింటివాళ్ళు తొంగిచూసి నవ్వారు. సిగ్గుతో చచ్చిపోతూనే ఊదాడు.

తిడదామంటే నోరు ఖాళీ లేదు, కొడదామంటే చేతులు ఖాళీ లేవు. చేసేదేం లేక పిల్లను చూస్తూ కూర్చున్నాడు. అది ఏడుస్తూనే ఓ కంటితో తనవైపే చూస్తోంది. ఎన్నాళ్ళనుంచి అలా చూస్తోందో!

కాసేపటికి ఏడుపు సన్నగిల్లింది. వరాలు లేచి, గౌనుతో ముక్కు తుడుచుకుని, వచ్చి అతని ఒళ్ళో కూర్చుంది. ఉబ్బిన బుగ్గను వేలితో పొడిచింది. బుస్సుమని గాలి పోయింది. పిల్ల పకపకా నవ్వింది.

"ఇదేం పాట నాన్నా? అస్సలు బాలేదు."

"బస్సు పోయినట్టుందిరా," అన్నారు గురువుగారు.

"పోనివ్వండి," అన్నాడు కోటిలింగం.

ఆయన మళ్ళీ గుడ్డ తీసుకుని సన్నాయి తుడుచుకోవడంలో పడ్డారు.

"ఇంట్లో ఇద్దరూ పాటే ఎత్తుకుంటే," అన్నారు, "ఒత్తు ఎవడు పడతాడురా?"