పాలపిట్ట రెక్కల్లో దాగిన ఆకాశం

ఒకప్పుడు పాలపిట్టకు నీలమన్నదే లేదు. తలనుంచి తోకదాకా మట్టిరంగే.

ఆ కాలంలో జోగినాథం అనే చిత్రకారుడు ఉండేవాడు. ఇంట్లో కూర్చుని కొండల్ని ఊహించి గీయడం అతనికి గిట్టదు. రంగులపెట్టె భుజాన వేసుకుని కొండ దగ్గరికే పోయేవాడు. పెట్టె మూతకు లోపలివైపు కాగితం గుచ్చి, చిన్న తోలుతిత్తుల్లోంచి నూనెరంగులు పిండి, ముందుగా ఆకాశం వేసేవాడు. వెలుగు ఎవరికోసమూ ఆగదు కదా!

వాన వెలిసిన సాయంత్రపు ఆకాశమంటే అతనికి ప్రాణం. ఎన్నిసార్లు కూర్చున్నా, రంగు కలిపేలోగా మబ్బు కమ్మేసేది. ఆ రోజు మాత్రం చిక్కింది. పైన ముదురు నీలం, కింద లేత నీలం తడితడిగా పరిచేశాడు. కొండ వేయడం ఇంకా మిగిలే ఉంది. అవతల మళ్ళీ నల్లమబ్బు లేస్తోంది. జోగినాథం కుంచె వేగం పెంచాడు.

"బాబూ, కాపాడు!"

పాలపిట్ట. దాని వెనకే డేగ.

"అడ్డు రాకే పిట్టా, వెలుగు పోతోంది!" అని కసిరాడు.

"ఆ తాటిమోడు తొర్రలో నా పిల్లలున్నాయి బాబూ. ఇంకా కళ్ళయినా తెరవలేదు. నేను పోతే వాటికి దిక్కెవరు?"

"తప్పుకో మనిషీ! నా నోటికాడి కూడు తీయకు!" అని డేగ అరిచింది.

జోగినాథం ఆకాశాన్ని చూశాడు. పిట్టను చూశాడు. పళ్ళు కొరుక్కుంటూ పెట్టెమూత ఊడబెరికి డేగకు అడ్డంగా ఎత్తాడు.

పిట్ట రెక్కలు చాపుకుని వచ్చి తడిబొమ్మకు అతుక్కుపోయింది. అవతలివైపు డేగ ఠప్పుమని గుద్దుకుంది. అయినా వదలక చుట్టుతిరిగి వచ్చింది! పిట్ట ప్రాణభయంతో ఎగిరింది. రెక్కల్లో రెండు నీలాలు ధగధగలాడాయి.

"ఇదేమిటి, ఆకాశం కిందికి దిగిందా?" అని డేగ తికమకపడి, తలకిందులై ముళ్ళపొదలో పడింది.

బొమ్మలో ఆకాశం చెరిగిపోయింది. జోగినాథం కళ్ళు చెమర్చాయి.

"నీ బొమ్మ పాడుచేశాను. ఇంటికెళ్ళి మళ్ళీ వేసుకోలేవా బాబూ?" అంది పిట్ట తిరిగొచ్చి వాలి.

"కళ్ళెదుట లేనిది వేస్తే అబద్ధమవుతుంది తల్లీ. ఆ నీలం నీ దగ్గరే ఉంచుకో. నూనెరంగు తొందరగా ఆరదు. వాన వచ్చేలా ఉంది, పిల్లల దగ్గరికి పోయి రెక్కలు గట్టిగా ముడుచుకుని కూర్చో."

అలాంటి సాయంత్రం జోగినాథానికి మళ్ళీ దొరకలేదు. చూడాలనిపిస్తే ఆ తాటిమోడు దగ్గరికే వెళ్ళి, పిట్ట ఎగిరేదాకా కూర్చునేవాడు.

అప్పటినుంచే పాలపిట్ట వాలితే మట్టిరంగు, ఎగిరితే రెండు నీలాలు.