అప్పలకొండ ఇంట్లో పప్పు ఉడికిన విధం

అప్పలకొండ ఇంట్లో మగవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ తెలివైనవాళ్ళే. అనుమానముంటే వాళ్ళనే అడగండి. చెప్పింది చెప్పినట్టు చేయడం తమ వంశంలోనే ఉందని తండ్రి సింహాద్రి అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళందరికీ చెబుతుంటాడు. ఆ తెలివి భరించలేకే అప్పలకొండ పెళ్ళాం పైడితల్లి రెండు నెలల కిందట పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఇన్నాళ్ళకి ఆమె అన్న కాస్త మెత్తబడ్డాడు. సాయంత్రం చెల్లెలితో వస్తాననీ, బావ వండిన భోజనం నోట పెట్టుకునేలా ఉంటే ఆమెను దిగబెడతాననీ, లేకపోతే మళ్ళీ బస్సెక్కించి తీసుకుపోతాననీ కబురు చేశాడు. పెళ్ళాం లేని ఇంట్లో అప్పలకొండకు నిజంగానే బెంగగా ఉంది. తండ్రినీ, తమ్ముడు పోలయ్యనీ వెంటబెట్టుకుని వంటింట్లోకి దిగాడు.

మూడు విజిల్స్ రాగానే కుక్కరు దించమని పైడితల్లి ఫోన్లో చెప్పింది. ఇంకేముంది, పప్పు పొయ్యెక్కించాడో లేదో, గోడ అవతల గౌరమ్మ ఇంట్లో కుక్కరు మూడు విజిల్స్ వేసింది. అంతే, ఇతను తమది దించేశాడు. మూత తీస్తే కందిపప్పు గలగలలాడుతోంది. ఎవరి కుక్కరో పైడితల్లి చెప్పలేదు కదా, మన తప్పేం లేదన్నాడు సింహాద్రి. గౌరమ్మనడిగితే, నవ్వాపుకుని, ఇంకో నాలుగు విజిల్స్ రానివ్వమంది. సరేనని ముగ్గురూ పప్పు ముందు పెట్టుకుని గోడకు చెవులానించి కూర్చున్నారు. ఎంతకీ రాదే! ఆవిడ వంట ఎప్పుడో అయిపోయింది మరి. చివరికి పోలయ్య వెళ్ళి ఆవిడ కుక్కరే అడిగి తెచ్చాడు. అందులో నీళ్ళు పోసి పొయ్యి మీద పెడితే నాలుగు విజిల్స్ చక్కగా వచ్చాయి. పప్పు మాత్రం పక్కన గిన్నెలో చల్లగా ఉంది.

ఇక చారు. రుచికి సరిపడా ఉప్పు వేయమంది పైడితల్లి. ఎవరి రుచికి? ముందు పెద్దాయన రుచికి ఓ గుప్పెడు వేశారు. తర్వాత అప్పలకొండ రుచికి. పోలయ్య మూతి ముడిస్తే వాడి రుచికీ పడింది. వచ్చే చుట్టాన్ని మరిచిపోతే ఎలా, ఆయన వంతు ఇంకోటి. ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేయమంది గౌరమ్మ. కడగమనలేదు. అంతే, మట్టితోనే వేశారు.

అప్పలకొండ జరిగిందంతా పూసగుచ్చినట్టు పెళ్ళానికి ఫోన్ చేసి చెప్పాడు. ఆమె అప్పుడే బస్సు దిగింది. అన్న టీ తాగుతున్నాడు. ఆమెకూ మొగుడి మీద బెంగే.

“మీరింక దేన్నీ ముట్టుకోకండి. నానొచ్చీదాకా ఎక్కడోలక్కడే కదలకుండా ఉండండి. అన్నయ్య వచ్చీలోగా నానే వండేస్తాను,” అని రహస్యంగా చెప్పి, పరుగున వచ్చి తలుపు కొట్టింది.

లోపల గడియ వేసి ఉంది. పోలయ్య కాలు కదిపితే తండ్రి కసిరాడు.

“తలుపు తియ్యండి, నానొచ్చీసాను,” అంది పైడితల్లి.

“నువ్వింకా రానేదు కదే, బయటే ఉన్నావు. లోపలికొచ్చీ, అప్పుడు తీస్తాను,” అన్నాడు అప్పలకొండ.

ఆమె బతిమాలింది, తిట్టింది, తలుపు దబదబా బాదింది. ఈలోగా అన్న వచ్చాడు. గుమ్మంలో నిలబెట్టినవాళ్ళు భోజనమేం పెడతారని చెల్లెలి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయాడు. కాసేపటికి బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. కోడలి మాట జవదాటలేదని సింహాద్రి మురిసిపోయాడు. అప్పలకొండకు మాత్రం ఏడుపు ఆగలేదు. కన్నీళ్ళు గడ్డం మీదకి కారుతున్నా తుడుచుకోలేదు, దేన్నీ ముట్టుకోవద్దంది కదా.