రెండు గ్లాసుల్లో తెల్లని పోగులు

సన్యాసిరావు మాస్టారిని ప్రశ్న అడగడానికి వెళ్ళినవాళ్ళెవరూ కాళ్ళు చాపుకుని కూర్చున్న పాపాన పోలేదు. ఎవరేం అడిగినా ఆయన ముందు చేతికి పని చెబుతారు. కాలేజీలో జీవశాస్త్రం చెప్పినన్నాళ్ళూ అంతే, రిటైరై పార్వతీపురంలో ఇంటిపట్టున ఉంటున్న ఈ పదేళ్ళూ అంతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం మణిమాల వచ్చింది. ఒకప్పుడు ఆయన శిష్యురాలు, ఇప్పుడు తనూ అదే పాఠం చెప్పే లెక్చరరు. మనిషి బాగా వడిలిపోయి ఉంది. మూడేళ్ళ కిందట దత్తత తెచ్చుకున్న రేవతి అబద్ధం ఆడని పూట లేదు. మొన్న పక్కింటి పాప చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. "ఏ తల్లి కన్నదో, ఏం గుణమో" అని వీధిలోవాళ్ళు అంటుంటే మొదట్లో మణిమాలకి ఒళ్ళు మండేది. ఈమధ్య ఆ మాట తన నాలిక చివరిదాకా వచ్చి ఆగుతోంది. అది తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తోంది.

"అలిసిపోయాను మాస్టారూ. లోపల రాసిపెట్టి ఉన్నదాన్ని నేను మార్చగలనా? రేపు దాన్ని హాస్టల్లో చేర్చేద్దామనుకుంటున్నాను," అంది.

మాస్టారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. అక్కడ వేలాడదీసిన అరటిగెలలో పై అత్తం పండింది, కింది అత్తం ఇంకా పచ్చిగానే ఉంది. ఒక పండూ ఒక కాయా తెంపి ఆమె ముందు పెట్టారు.

"దేని డీఎన్‌ఏ దానికి తియ్యమ్మా."

ఓపిక లేదనబోయి, ఆయన సంగతి తెలిసి ఊరుకుంది. పండుని మెదిపింది, కాయని సగం తురిమింది. రెంటిలోనూ ఉప్పూ, గిన్నెలు తోమే సబ్బూ కలిపిన నీళ్ళు పోసి, కాసేపాగి, వేర్వేరు గుడ్డల్లో వడకట్టింది. ఫ్రిజ్‌లో చల్లబెట్టిన స్పిరిట్‌ని గ్లాసు గోడ వెంట మెల్లిగా జార్చింది. ఆ తర్వాత చేసేదేమీ లేదు. కదపకుండా చూస్తూ కూర్చోవడమే. ఎన్ని నెలలైందో అలా కూర్చుని! కొంతసేపటికి రెండు గ్లాసుల్లోనూ తెల్లని పోగులు పైకి తేలాయి.

మాస్టారు గ్లాసులని అటుదిటూ ఇటుదటూ మార్చారు.

"వీటిలో తియ్యనిదేది?"

ఆమె వంగి చూసింది. ఎంత చూసినా తేల్చుకోలేకపోయింది. "చూస్తే ఎలా తెలుస్తుందండీ? రెంటిలో ఉన్నదీ ఒకటే. ఒక్క చెట్టువేగా."

ఆయన మిగిలిన కాయలోంచి చిన్న ముక్క కోసి ఇచ్చారు. నోట్లో పెట్టుకునేసరికి వగరుకి ఆమె మొహం ముడుచుకుపోయింది.

"ఒకటేనన్నావు?"

"ఒకటేనండీ. ఇది ఇంకా పండలేదు, అంతే. దీనికింకా..."

కళ్ళలో నీళ్ళు తిరిగితే కొంగుతో ఒత్తుకుంది. ఆమె తేరుకున్నాక మాస్టారు మామూలుగా అడిగినట్టే అడిగారు.

"ఇంతకీ పిల్లకిప్పుడు ఎన్నో ఏడమ్మా?"