గోడ మీద రాసిన పాస్‌వర్డ్

తుమ్మలమిట్ట అడవికి ఒక పంచాయతీ ఉంది. పేరుకు కాదు, నిజంగానే ఉంది. రెండు బండల మధ్య తాటాకు కప్పిన ఆఫీసు, ఆ ఆఫీసుకొక తెల్లటి గోడ, ఆ గోడ ముందు గుమాస్తా ఎద్దు భూషయ్య.

భూషయ్యది పాత పద్ధతి. పంచాయతీలో దాపరికం కూడదని వాళ్ల నాన్న చెప్పి పోయాడు. అందుకని ఆఫీసులో ఏం జరిగినా తోకను ఎర్రమట్టిలో ముంచి గోడ మీద రాసేవాడు. కుంటలో నీళ్లు తాగే వంతు ఎవరిదో, ఏ కొమ్మ మీద ఎవరు గూడు కట్టుకోవచ్చో, ఆఖరికి తను మధ్యాహ్నం ఎంతసేపు నెమరు వేశాడో కూడా రాసేవాడు. ఇరవై ఏళ్లలో ఆయన రాసిన మాట మీద ఒక్క తగువు పుట్టలేదు. అంత నెమ్మదైన మనిషి. ఎద్దును పట్టుకుని మనిషి అంటున్నానని నవ్వకండి, ఆయన్ని చూస్తే మీరూ అదే అంటారు.

ఆ ఎండాకాలం మండలం నుంచి ట్యాబ్ వచ్చింది. అడవిలో ఎవరి ఇల్లు ఎక్కడుందో అంతా అందులో ఎక్కించాలని ఉత్తర్వు. శిక్షణకు రమ్మంటే భూషయ్య కోడి కూయకముందే బయల్దేరాడు. పొద్దున జ్యోతి వెలిగించారు. తర్వాత దండలు వేసుకున్నారు. తర్వాత పెద్దలు మాట్లాడారు. తర్వాత పచ్చగడ్డి భోజనాలు. సాయంత్రం ఒక పావుగంట మిగిలితే కోతి ఒకటి వేదిక ఎక్కి ట్యాబ్ మీద వేళ్లు టకటకలాడించి, “అందరికీ అర్థమైందిగా” అంది. అందరూ తలలూపారు. భూషయ్య కూడా ఊపాడు. తలూపడం ఎద్దుకు ఒకరు నేర్పాలా?

తిరిగొచ్చేసరికి ఆఫీసు ముందు నక్క లింగరాజు కూర్చుని ఉన్నాడు.

“బాబాయ్, ఈ వయసులో నీకెందుకు ఈ అవస్థ? నువ్వు ఊరు చూసుకో. ఆ ట్యాబ్ సంగతి నేను చూసుకుంటా.”

“నీకేంది లాభం, లింగరాజూ?”

“లాభమా! నీ మీద అభిమానం బాబాయ్.”

ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, భూషయ్య అవస్థ లింగరాజుకు ముద్దొచ్చింది. భూషయ్యకు మాత్రం నెత్తి మీంచి బండ దించినట్టయింది. మండలం వాళ్లు పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసిచ్చారు. చీటీ పోతుందేమోనని ఆయన దాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి, పైన “మన పంచాయతీ పాస్‌వర్డ్” అని కూడా పెట్టాడు. ఊళ్లో ఒక్కరూ ఇదేమని అడగలేదు. పైగా, గుమాస్తాగారు పాస్‌వర్డ్ కూడా దాచుకోలేదని మెచ్చుకున్నారు.

నెల గడిచింది. లోపల తడిక చాటున, వచ్చేపోయేవాళ్లకు కనబడకుండా లింగరాజు ట్యాబ్ ముందు కూర్చుంటున్నాడు, భూషయ్య బయట చుట్టంలా కూర్చుంటున్నాడు.

ఒక సోమవారం గాడిద మాణిక్యం గోడకు ఎర్రమట్టి మోసుకొచ్చింది. లింగరాజు అప్పుడే భోజనానికి బయల్దేరుతున్నాడు.

“ఏం మాణిక్యం, ట్యాబ్ వైపు అట్టా చూస్తన్నావు? గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అని ఊరికే అన్నారా” అని నవ్వుకుంటూ పోయాడు.

మాణిక్యం ఆ మాట పట్టించుకోలేదు. మట్టి దించి భూషయ్య పక్కన నిలబడింది.

“అన్నయ్యా, కుర్చీ నీదైతే నువ్వు బయటున్నావేంది?”

భూషయ్య ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

“నీకు చెప్తే నవ్వవుగా? ఆ ట్యాబ్ వెలిగినప్పుడల్లా నాకు గుండె దడదడలాడుద్ది. ఏది నొక్కితే ఏం పోద్దో అని భయం. ఇరవై ఏళ్లు గుమాస్తాగా ఉండి, ఇది నాకు రాదని ఎవరితో చెప్పను?”

“నాతో చెప్పావుగా. దా, నేర్పిస్తా.”

“నీకెట్టా వచ్చు?”

“నిరుడు సర్వే వాళ్ల సామాను మోశాను. వాళ్లు నా వీపు మీదే ట్యాబ్ పెట్టుకుని పని చేసేవాళ్లు. గాడిద ముందు ఎవరూ ఏదీ దాచరు అన్నయ్యా. చూసి చూసి నేర్చుకున్నా.”

ఇద్దరూ లోపలికి వెళ్లారు. మొదటి చిక్కు గిట్టతోనే వచ్చింది. భూషయ్య ఎంత ఆనించినా ట్యాబ్ ఉలకలేదు, పలకలేదు.

“గిట్ట కాదు, ముక్కుతో. ముందు ముక్కు తుడుచుకో, తడి ఉంటే అది ఒకటి నొక్కితే ఇంకోటి పట్టుద్ది.”

భూషయ్య గోనెపట్టాకు ముక్కు తుడుచుకుని నొక్కాడు. తెర మీద ఏదో మాయమైంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

“పోయింది! ఊరంతా పోయింది!”

“ఏం పోలేదు. ఆ మూల చిన్న బాణం చూడు, వెనక్కి తిరిగుందే, దాన్ని నొక్కు.”

నొక్కాడు. పోయిందనుకున్నది తిరిగొచ్చింది. భూషయ్య ఆ బాణాన్ని చాలాసేపు చూశాడు. తప్పు చేసినవాడికి వెనక్కి రావడానికి ఒక దారి పెట్టిన ఆ మహానుభావుడెవరో గానీ ఆయన మీద భూషయ్యకు గౌరవం పుట్టింది. నెల రోజుల భయంలో సగం అక్కడే పోయింది.

ఇక పాఠం ముందుకు సాగింది. ఇళ్ల జాబితా తెరవడం వచ్చింది. పైకి కిందికి జరపడం వచ్చింది. భూషయ్య ఒక్కో ఇల్లూ పైకి చదువుతూ మురిసిపోతున్నాడు. “ఉడుత గుండమ్మ, మద్దిచెట్టు తొర్ర. ఉంది. ముంగిస వీరాస్వామి, రాళ్లకుప్ప. ఉంది. ఏడో నంబరు దిబ్బ...”

అక్కడ ఆగిపోయాడు.

ఏడో నంబరు దిబ్బ: ఖాళీ. నివాసం ఎవరూ లేరు. కేటాయింపు కోరినవారు: నక్క లింగరాజు. నమోదు చేసినవారు: గుమాస్తా భూషయ్య.

ఏడో దిబ్బ ఖాళీ ఎక్కడిది? అక్కడ కుందేలు పేరిందేవమ్మ, ఆమె కూతుళ్లు, మనవలు మూడు తరాలుగా ఉంటున్నారు. చిన్న కూతురికి నెలలు నిండాయి. అడవిలో వానకు మునగని దిబ్బ అదొక్కటే. శుక్రవారం సభలో మండలం ఏనుగుగారు వచ్చి జాబితాకు ఆమోదం నొక్కుతారు. నొక్కాక దిబ్బ నక్కది. వానలకు ఇంకా పది రోజులు కూడా లేవు.

భూషయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకు దుఃఖం దిబ్బ ఒక్కదాని గురించే కాదు. “నా పేరు పెట్టాడు, మాణిక్యం. నా పేరు మీద ఇన్నేళ్లలో ఒక్కరి గూడూ పోలేదు.”

“ఏడుపు తర్వాత ఏడుద్దాంలే అన్నయ్యా. ఖాళీ అని ఎక్కిస్తే ట్యాబ్ ఫొటో అడగదు, ఆ సందులోంచి దూరాడు వాడు. మనం దిద్దాలంటే ఇంటివాళ్లను ఇంటి ముందు నిలబెట్టి ఫొటో తియ్యాలి.”

“అయితే నువ్వు తియ్యి తల్లీ. నీకొచ్చుగా.”

మాణిక్యం తల అడ్డంగా ఊపింది. “నీ పేరు మీద నేను నొక్కితే నేనూ ఇంకో లింగరాజునే. నేను పక్కనుంటా. నొక్కేది నువ్వే.”

ముందు పాస్‌వర్డ్ మార్చారు. మార్చగానే భూషయ్య అలవాటు కొద్దీ తోకను ఎర్రమట్టిలో ముంచాడు. మాణిక్యం ఆ తోకను పళ్లతో పట్టి ఆపింది.

“ఇదొక్కటి గోడ మీద రాయకు.”

“దాపరికం తప్పు కదమ్మా?”

“ఊరి సంగతి దాస్తే తప్పు. ఊరి తాళంచెవి దాచకపోతే తప్పు.”

భూషయ్య ఆ మాటను నెమరు వేశాడు. ఎద్దులకు అదొక సౌకర్యం ఉంది, ఏ మాటైనా రెండోసారి నమిలి గానీ మింగరు. “అయితే పాతది చెరిపెయ్యనా?”

“ఉండనియ్యి. ట్యాబ్‌లో ఇంకో సంగతుంది. మూడుసార్లు తప్పు నొక్కితే నొక్కినవాళ్ల ఫొటో తీసి పెట్టుకుద్ది.”

మర్నాడు ఇద్దరూ ఏడో దిబ్బకు వెళ్లారు. పేరిందేవమ్మ వాకిట్లో గడ్డి ఆరబెడుతోంది. భూషయ్య ముందరి కాళ్లు మడిచి ఆమె ముందు కూర్చున్నాడు.

“అమ్మా, నా చేతగానితనం వల్ల నీ ఇల్లు పోయేట్టుంది. నాకు రాని పని వాడికి అప్పజెప్పాను. వాడు నీ దిబ్బ ఖాళీ అని ఎక్కించాడు. తప్పు నాది.”

పేరిందేవమ్మ చెవులు వాలిపోయాయి. లోపల్నుంచి చిన్న కూతురి మూలుగు సన్నగా వినబడుతోంది. తర్వాత ముసలామె ఎద్దు మోకాలి మీద చెయ్యేసింది.

“ఇరవై ఏళ్లుగా నీ రాతను నమ్ముకునే ఉన్నాం నాయనా. ఇప్పుడు వచ్చి చెప్పావుగా, అదే పదివేలు. మమ్మల్ని ఎక్కడ నిలబడమంటావో చెప్పు.”

నిలబడమన్నంత తేలిక కాదు కుందేళ్లను నిలబెట్టడం. మొదటి ఫొటోలో ఆకాశం వచ్చింది. రెండోదాంట్లో నాలుగు చెవులు వచ్చాయి. తర్వాతిదాంట్లో భూషయ్య ముక్కే వచ్చింది. ప్రతిసారీ ఆయన బాణం నొక్కి వెనక్కొచ్చి, ముక్కు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. మాణిక్యం పక్కనే నిలబడి ఈగలు తోలింది తప్ప ట్యాబ్‌ను ముట్టుకోలేదు. పొద్దు వాలేవేళకు ఒక ఫొటో కుదిరింది. దిబ్బ ముందు పద్నాలుగు కుందేళ్లు, మధ్యలో పేరిందేవమ్మ, ఆమె భుజం మీద వాలి నిండుచూలాలు. భూషయ్య దాన్ని ఏడో దిబ్బ కింద ఎక్కించి, ఖాళీ అన్న మాట దిద్ది, “నేనే తీశాను” అన్నాడు. రెండోసారి కూడా అన్నాడు.

ఎక్కించాల్సింది ఎక్కించేశాగా అని సోమవారం భోజనానికి పోయినప్పటి నుంచి ఆఫీసుకు రాని లింగరాజు చెవిన గురువారం ఈ కబురు పడింది. మధ్యాహ్నం భూషయ్య కళ్లు మూసుకుని నెమరు వేసే వేళ, పిల్లిలా ఆఫీసులోకి దూరాడు. గోడ వైపు ఒకసారి చూశాడు, నొక్కాడు. మళ్లీ గోడ చూశాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుని మళ్లీ నొక్కాడు. మూడోసారి మూతి ట్యాబ్‌కు ఆనించి మరీ నొక్కాడు. ట్యాబ్ తెరుచుకోలేదు. యంత్రం చెడిందనుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం సభకు అడవంతా వచ్చింది. ఏనుగుగారు బండ మీద కూర్చుని అడిగారు.

“జాబితా మీద ఎవరికైనా అభ్యంతరం ఉందా?”

“ఉందయ్యా” అని భూషయ్య లేచాడు. “ఏడో దిబ్బ ఖాళీ అని తప్పుగా ఎక్కింది. నేను దిద్దాను.”

లింగరాజు గబాలున లేచాడు. “అయ్యా, ఖాళీ అని ఎక్కించిందీ ఈయన పేరే, కాదని దిద్దిందీ ఈయన పేరే. పెద్దాయనకు మతి నిలవడం లేదు పాపం. నేను మాత్రం ఆ ట్యాబ్‌ను ఏనాడూ ముట్టుకోలేదు. ఆయనకు తెరవడమైనా వచ్చేమో అడగండి.”

సభలో గుసగుసలు బయల్దేరాయి. నిజమే, భూషయ్య ట్యాబ్ ముట్టడం కుందేళ్లు తప్ప ఎవరూ చూడలేదు. పేరిందేవమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

భూషయ్య ట్యాబ్ దగ్గరికి నడిచాడు. గుండె దడదడలాడుతూనే ఉంది. ముక్కు తుడుచుకున్నాడు. సభకు వీపు తిప్పి, ఒక్కో అక్షరమే, ఒక్కో అక్షరమే నొక్కాడు. అంత ఆలస్యానికి తాబేలు కూడా ఆవలించింది. మధ్యలో ఒకటి తప్పు పడింది. బాణం నొక్కి వెనక్కొచ్చాడు.

ట్యాబ్ తెరుచుకుంది. తెరుచుకుంటూనే ఒక ఫొటో చూపించింది. తెర నిండా ఒక నల్లటి ముక్కు, దాని వెనక రెండు పచ్చటి కళ్లు. కింద “నిన్న మధ్యాహ్నం, మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్” అని ఉంది.

ఏనుగుగారు ట్యాబ్‌ను తొండంతో ఎత్తి సభకంతా చూపించి, లింగరాజు మొహం పక్కన పెట్టారు.

“ఏనాడూ ముట్టుకోలేదన్నావు. ఈ ముక్కు ఎవరిదయ్యా?”

లింగరాజు నీళ్లు నమిలాడు. “పాస్‌వర్డ్ గోడ మీదే ఉందయ్యా. ఎవరైనా చూడొచ్చు.”

“గోడ మీద రాయడం నా తప్పు” అన్నాడు భూషయ్య. “అది చూసి నా పేరుతో లోపలికి రావడం నీ తప్పు. నా తప్పు నేను దిద్దుకున్నా.”

ఏనుగుగారు కుందేళ్ల ఫొటో చూశారు. చాలాసేపు చూశారు. “ఎవరు తీశారు?”

“నేనేనయ్యా” అన్నాడు భూషయ్య. వెనక వరుసలో నిలబడ్డ మాణిక్యం కళ్లు తుడుచుకుంది.

దిబ్బ పేరిందేవమ్మ పేరనే నిలిచింది. గోడకు సున్నం కొట్టే పని లింగరాజుకు పడింది. తొలి వాన కురిసిన రోజున దిబ్బలో ఆరుగురు పిల్లలు పుట్టారు. వాళ్ల పేర్లు భూషయ్యే ముక్కుతో ట్యాబ్‌లో ఎక్కించాడు. ఒక్క పూట పట్టింది, అయినా ఒక్క తప్పు లేదు.

కొత్త సున్నం మీద ఆయన రాసిన మొదటి మాట ఇప్పటికీ ఉంది: “ప్రతి బుధవారం ట్యాబ్ నేర్పబడును. నేర్పువారు మాణిక్యం. సిగ్గుపడేవాళ్లు ముందు వరుసలో, నా పక్కన కూర్చోవలెను.” పాస్‌వర్డ్ మాత్రం ఆ గోడ మీద లేదు. అదేంటో నేనూ అడగలేదు.

రాని పనిని నేర్చుకోక ఇంకొకడి చేతికిస్తే, పనితోపాటు మన పేరు కూడా వాడి చేతికే పోతుంది.